ఆరు బండల జాగా

పోయినవి ముందు లెక్కపెడతాను. నిండు రోజులు అయిదు. ఆరో రోజు సాయంత్రం అసర్ నమాజు దాకా. ఆ మూలలో చదివిన ఫర్జ్ నమాజులు, రోజుకు అయిదు తప్పక చదవాల్సినవి, ఇరవై తొమ్మిది. ముప్ఫయ్యోదానికి కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని వస్తుంటే ఆగిపోయింది. ఖురాన్ ముప్ఫై పారాల్లో పదిహేడు. రెండు మూడు గంటల్లో రాబోతున్న, అందరూ జాగారం చేసే ఇరవై ఏడో రాత్రి. చివరగా ఆరు షాబాద్ బండలు, ఒక్కొక్కటి రెండడుగులకు రెండడుగులు.

చదివిన నమాజులు ఎక్కడికీ పోవని, చదివింది చదివినట్టే ఉంటుందని తర్వాత నాకు చెప్పారు. కావచ్చు. నా లెక్కలో మాత్రం అవి పోయినవాటి కిందే ఉన్నాయి.

నేను కూర్చున్నది ఏతెకాఫ్‌లో. రంజాన్ ఆఖరి పది రోజులు ఇల్లూ వాకిలీ మరిచి అల్లా దగ్గర ఉండిపోవడం అది. మగవాళ్ళు మసీదులో ఒక మూల తెర కట్టుకుని కూర్చుంటారు. ఆడవాళ్ళం ఇంట్లోనే నమాజుకు ఒక జాగా అనుకుని, మనసులో సంకల్పం, నియ్యత్, చేసుకుని కూర్చుంటాం. ఇరవయ్యో ఉపవాసం నాడు పొద్దు గూకకముందే అందులోకి పోవాలి. పండుగ నెలవంక కనపడేదాకా దాటకూడదు. వజూకు, కాలకృత్యాలకు రావచ్చు, పని కాగానే తిరిగి పోవాలి. అవసరం లేకుండా బయట నిలబడితే తెగిపోతుంది. పెద్ద ఘోరమేమీ జరగనక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక నేను నమాజు చదివిన జాగాలు ఒకసారి లెక్కేశాను. పదకొండు తేలాయి. పొయ్యి పక్కన, రెండు మంచాల మధ్య, బీరువా తలుపు తెరుచుకోనంత దగ్గర, చుట్టాలు వస్తే మెట్ల కింద. నమాజు చాప, జానిమాజ్, చంకలో పెట్టుకుని, బస్సులో సీటు వెతికినట్టు ఇల్లంతా వెతికేదాన్ని. ఒక చోట పరిస్తే పిల్లలు ముందు నుంచి పరిగెత్తేవాళ్ళు, ఇంకో చోట పరిస్తే ఎవరికో అక్కడి డబ్బా కావలసి వచ్చేది. "జర జరుగు భాభీ, చక్కెర తీసుకుంట" అని సజ్దాలో నుదురు నేలకు ఆనించి ఉన్న మనిషి మీదినుంచి చెయ్యి చాపేవాళ్ళు.

మా ఆయనకు ఈ బాధ లేదు. ఆయనకు మసీదులో రెండో వరసలో, స్తంభం పక్కన ఒక చోటు ఉంది. ఎవరూ రాసివ్వలేదు, అడిగేవాళ్ళూ లేరు. ఆలస్యంగా పోయినా కాళ్ళు అక్కడికే పోతాయంటాడు. అక్కడ కూర్చోగానే అల్లం మండీలో పొద్దున్నుంచీ పడిన గొడవ దిగిపోతుందట. నేను నమ్ముతాను. ఒక నేల మీద ఏళ్ళ తరబడి నుదుళ్ళు ఆనితే ఆ నేలకేదో అవుతుంది. అందుకే ఒకసారి మసీదైన జాగా ఎప్పటికీ మసీదే అంటారు. గోడలు కూలినా, కప్పు లేచిపోయినా, కింద మట్టి నుంచి మీద ఆకాశం దాకా అది మసీదే. అమ్మరాదు, కొనరాదు, అందులో ఫ్రిజ్జు పెట్టరాదు.

ఇంట్లో మూలకు అంత రక్షణ లేదు. నాకు తెలుసు. అయినా పది రోజులకైనా ఒక మూల నాదనిపించుకోవాలని ఆ సంవత్సరం మొండికేశాను. ఇల్లంతా కొలిచాను. నేను ఏడో తరగతి దాకానే చదివాను. మిగతా లెక్క మా నాయన కిరాణా దుకాణంలో బస్తాల మీద కూర్చుని నేర్చుకున్నది. కొలవకుండా నాకు ఏ నిర్ణయమూ కుదరదు. నడక అడ్డం రాని జాగా ఇంటికంతా ఒక్కటే తేలింది. పెద్ద గదిలో పడమటి గోడకు ఆనుకుని, వెడల్పు రెండు బండలు, పొడవు మూడు బండలు.

అది ఖాళీగా ఎందుకుందంటే, అక్కడ ఎవరూ కూర్చోలేరు. పైన రేకులు. పడమటి గోడ కాబట్టి మధ్యాహ్నం నుంచి ఎండంతా దాని మీదే. పంకా గది మధ్యలో ఉంది, దాని గాలి ఆ మూలకు రాదు. కానీ మనకు కిబ్లా, నమాజుకు తిరిగే దిక్కు, పడమరే కదా. ఇంట్లో అన్నిటికంటే కాలే గోడకే మొహం పెట్టి నమాజు చదవాలి. సరే అనుకున్నాను. పాత దుప్పటి తెర కట్టి, ఆరు బండలూ చేత్తో తట్టి, నియ్యత్ చేసుకున్నాను. మా ఆయన అదే సాయంత్రం మసీదులో కూర్చున్నాడు.

ఆయన తెర దగ్గరికి ఊరికే ఎవరూ పోలేదు. పోతే పళ్ళెంలో ఖర్జూరాలు, పండ్లు పట్టుకుని పోయి, గుసగుసగా సలాం చెప్పి వచ్చారు. నా తెర దగ్గరికి అందరూ వచ్చారు. ఈ గల్లీలో ఎవరికి ఏ లెక్క కావాలన్నా నా దగ్గరికే వస్తారు. నేను పది రోజులు ఒకే చోట దొరుకుతానని తెలిసేసరికి ఇంకా ఎక్కువయ్యారు.

"అక్కా, లోపలున్నవా?" రెండో రోజే ఒకామె. రాయికోడ్ దగ్గర పల్లె, మా ఆయనకు మండీలో తెలిసిన రైతు భార్య. "నువ్వు బయటికి రావద్దంట గద. నోరు రావచ్చునా?"

"నోరు రావచ్చు. అడుగు."

"ఎకరం పది గుంటలకు అల్లం ఇత్తునం ఎన్ని బస్తాలైతది? మా ఆయన ఒకటి చెప్తడు, మా మరిది ఒకటి చెప్తడు."

ఎకరానికి పది క్వింటాళ్ళు, అరవై కిలోల బస్తాలు. "ఇరవయ్యొకటి. ఆఖరి బస్తా నిండదు."

"ఇద్దరిదీ తప్పేనన్నట్టు! మంచిగైంది. నీ దేవుని దగ్గర మా అల్లం గురించి గూడ ఒక మాట చెప్పు."

చెప్పాను కూడా. ఆమె మీద నాకు కోపం లేదు. అడిగింది, పోయింది. ఇంట్లోవాళ్ళు అలా కాదు. ఉప్పు ఎక్కడుందని, ఇఫ్తార్‌కు ఎంత మందికి నానబెట్టాలని, కుక్కరు ఎన్ని కూతలకు దించాలని అడుగుతూనే ఉన్నారు. నా తోడికోడలు తెర ఎత్తి తల లోపల పెట్టి అడిగేది. తల పెడితే తప్పు కాదు కదా అనేది. ఆమె తల లోపలున్నంతసేపూ నేను తస్బీ పూసలు ఎక్కడ ఆపానో మరిచిపోయి మళ్ళీ మొదటి నుంచి తిప్పేదాన్ని.

అయినా నాలుగో రోజుకు ఏదో మారింది. చెప్పడం కష్టం. వజూకు పోయి వచ్చి ఆ బండ మీద కాలు పెట్టగానే ఒంట్లో బరువు తగ్గినట్టు ఉండేది. మూడో బండ మీద ఒక పగులుంది, సజ్దా చేసినప్పుడు నుదురు సరిగ్గా దాని పక్కన ఆనేది. ఆ పగులు నాకు గుర్తు. గోడ వేడి మొహానికి కొట్టేది. ఒళ్ళంతా చెమట. కానీ నలభై ఆరేళ్ళ వయసులో మొదటిసారి, నన్ను ఎవరూ జరగమనని చోట కూర్చున్నాననిపించింది. మా ఆయన స్తంభం గురించి చెప్పేది ఇదే కావచ్చు.

ఆరో రోజు మధ్యాహ్నం జుహర్ తర్వాత మా మరిది తెర బయట నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"భాభీ, ఒక గోడకు సున్నం కొట్టాలె. పన్నెండడుగుల పొడుగు, తొమ్మిదడుగుల ఎత్తు. రెండు చేతులు. ఎంత తేవాలె?"

పండుగకు ముందు ఇల్లు తెల్లగా చేసుకోవడం అందరూ చేసేదే. మా ఇంట్లో పన్నెండడుగుల గోడలు రెండున్నాయి. వాకిలి వైపుది నల్లబడి ఉంది, దాని గురించే అనుకున్నాను.

"నాలుగు కిలోలు చాలు. జర నీలం కలుపు."

"షుక్రియా భాభీ. నువ్వు లేకుంటే మా పని కాదు."

అసర్ వేళకు వజూకు లేచాను. స్నానాల గది వెనక వాకిట్లో. మోటారు ఆపి ఉంది. టబ్బు అడుగున ఉన్న నీళ్ళు ముంచుకుని వజూ చేసి, తల తుడుచుకుని, వెనక గుమ్మంలో కాలు పెట్టాను.

నా తెర అక్కడ లేదు.

తెర గది మధ్యలో ఉంది. పంకా కింద, కొత్త తాడుతో, నేను కట్టినదానికంటే తిన్నగా కట్టి ఉంది. లోపల నా జానిమాజ్, పక్కన రెహల్ పీట మీద ఖురాన్, తస్బీ, తలగడ, మూత పెట్టిన నీళ్ళ కూజా. కూజాకు తడిబట్ట కూడా చుట్టారు. పంకా జోరుగా తిరుగుతోంది. పడమటి గోడ దగ్గర మా మరిది నిచ్చెనెక్కి సున్నం కొడుతున్నాడు. నిచ్చెన కాళ్ళు నా బండల మీద. సున్నం బకెట్ సరిగ్గా పగులున్న బండ మీద. చుట్టూ తెల్లటి చుక్కలు.

మా అత్త మంచం మీద కూర్చుని నా మొహమే చూస్తోంది. ఆమెను మేమందరం అమ్మీ అంటాం. నేను వచ్చి ఇన్నేళ్ళయినా ఆమె నన్ను దుల్హన్ అనే పిలుస్తుంది.

"చూసినవా దుల్హన్? ఆరు రోజుల సంది ఆ గోడ కాడ కాలిపోతున్నవు. నాకు చూడబుద్ధి కాలే. ఇయ్యాల పెద్ద రాత్రి. సున్నం కొడితే గోడ చల్లబడ్తది. అందాక పంకా కింద కూసో."

"అమ్మీ, ఎవరు జరపమన్నరు?"

"నేనే అన్న."

"నేను నియ్యత్ చేసింది ఆ జాగాకు."

తోడికోడలు నవ్వింది. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. "ఏమైతది భాభీ, జానిమాజ్ గదే, ఖురాన్ గదే. అన్నీ ఎట్లున్నయో అట్లనే తెచ్చి పెట్టిన, ఒక్కటి మర్వలే. గీ బండలైతేంది, గా బండలైతేంది? అన్నీ షాబాద్ బండలే గద."

వీళ్ళ దృష్టిలో జాగా అంటే జానిమాజ్. చాప ఎక్కడ పరిస్తే నమాజు అక్కడ. ఇన్నేళ్ళూ నేనే అలా తిరిగాను కదా, పాపం వాళ్ళకు వేరేగా ఎలా తెలుస్తుంది? ఈ మాట ఇప్పుడు అంటున్నాను. అప్పుడు అనలేదు.

"దిగు," అన్నాను మరిదితో.

"సగమైంది భాభీ. ఇప్పుడు దిగితే మరక పడ్తది. జర ఆగు."

"దిగు అంటున్న."

"ఒక్క చెయ్యి, అయిపోతది."

"కింద సున్నం ఉన్నది, కాళ్ళు కాల్తయి," అని అమ్మీ. "భూమి మొత్తం సజ్దా చేసే జాగానే అని నువ్వే గద చెప్తవు."

"భూమి మొత్తం నాదే అమ్మీ. కూసోనికి ఆరు బండలు లెవ్వు."

అలా మాట్లాడుతూ నిలబడ్డాను. గుమ్మానికీ నిచ్చెనకూ మధ్య, వజూ తడి ఆరిపోయేదాకా. నేను అడుగులు వేసి నిచ్చెన కింద దూరి కూర్చుని ఉండవలసిందేమో. దూరితే మరిది పైన, నేను కింద. సందు కూడా ఒక బండంత లేదు. మసీదు నుంచి అసర్ అజాన్ వినపడింది. మా ఆయన రెండో వరసలో స్తంభం పక్కన లేచి నిలబడి ఉంటాడనుకున్నాను. ఏడుపు రాలేదు. పళ్ళు నొప్పి పుట్టాయి, అంత గట్టిగా కరుచుకున్నాను.

నాకు ఖురాన్ నేర్పిన ఆపాకు ఫోన్ చేశాను. ముసలావిడ. అంతా వింది.

"తెగిపోయింది బిడ్డా. నువ్వు అనుకున్న జాగా వదిలి, వజూ అయినంక గూడ బయట నిలబడ్డవు."

"నేను వదల్లే ఆపా. జాగానే నన్ను వదిలింది."

"గునా ఏం లేదు. నీ మీద ఏం పాపం లేదు. ఖజా చెయ్యాలె, పోయినదాన్ని మళ్ళ కట్టాలె, అంతే. పొద్దు గూకినప్పటి సంది మళ్ళీ పొద్దు గూకేదాక, ఉపవాసంతోని."

"ఎన్ని రోజులు?"

"ఒక్క రోజు."

"ఆరు రోజులు కూసున్న ఆపా."

"అయిదు రోజులు అయిపోయినయి, అల్లా దగ్గర జమైనయి. ఏ రోజు తెగిందో గా రోజే బాకీ. ఒక్కటే."

ఆమె నన్ను ఓదార్చడానికి చెప్పింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇంత పోతే ఒక్కటేనా అని. తక్కువ వచ్చిన బాకీ మీద కోపం తెచ్చుకునే మనిషి ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయి ఉంటాను. నాకు కావలసింది శిక్ష తగ్గడం కాదు. నాకు పోయింది పెద్దదని ఎవరో ఒకరు ఒప్పుకోవడం కావాలి. మసీదులో పది మంది తెరల్లో ఒకదాన్ని ఎవరైనా ఇలా జరిపి ఉంటే ఊరంతా లేచేది. ఇక్కడ అందరూ పంకా వేశారు.

ఆ రాత్రి పంకా కిందే జాగారం చేశాను. ఏతెకాఫ్ లేదు, మామూలు నమాజులే. తోడికోడలు నిమ్మరసం తెచ్చి ఇచ్చి, "చల్లగున్నది గద?" అంది. ఉంది. అదే కోపం. హాయిగా ఉంది.

నెలవంక కనపడిన రాత్రి మా ఆయన మసీదులో వేసిన దండతో ఇంటికి వచ్చాడు. తెల్లటి గోడ చూసి బాగుందన్నాడు. నేను జరిగింది చెప్పాను. విని, "మా అమ్మ మంచికే చేసింది గద," అన్నాడు. చేసింది. అందుకే ఎవరితోనూ కొట్లాడలేకపోయాను. చెడుకు చేసినవాళ్ళతో గట్టిగా కొట్లాడి ఊపిరి పీల్చుకోవచ్చు.

ఒక్క రోజే కదా, పండుగ తర్వాత కూర్చుంటే అయిపోతుందని అందరూ అన్నారు. నేనూ అనుకున్నాను. అప్పటికి నా మూలలో పండుగకు కొన్న కుర్చీలు పెట్టారు. ఇంకో జాగా అనుకున్నా చెల్లుతుందని ఆపా చెప్పింది కాబట్టి పంకా కిందే నాలుగు బండలు అనుకుని ఒక సాయంత్రం కూర్చున్నాను. తెల్లారి ఉపవాసం. పొద్దెక్కేసరికి చిరాగ్‌పల్లి నుంచి మా ఆయన మేనత్త కుటుంబం దిగింది. తోడికోడలు పిల్లాడికి జ్వరమని దవాఖానకు పోయింది. ఇంట్లో అమ్మీ, నేను, వచ్చినవాళ్ళు. మేనత్త తెర బయట కూర్చుని, "ఈ ఇంట్ల చాయ్ పోసేటోళ్ళు లేరా?" అని మూడోసారి అన్నాక లేచాను. బాకీ మళ్ళీ మొదటికి వచ్చింది.

తర్వాత చలికాలంలో అమ్మీ వాకిట్లో జారి పడింది. తుంటి ఎముక. ఆపరేషన్ అయింది, నడక తిరిగి రాలేదు. ఆమె మంచానికి ఇంట్లో జాగా వెతికాం. నడక అడ్డం రాకూడదు, స్నానాల గదికి దగ్గర కావాలి, కాళ్ళు కిబ్లా వైపు పెట్టకూడదు కాబట్టి మంచం గోడ వెంబడి పడాలి. మళ్ళీ నేనే కొలిచాను. మళ్ళీ ఒక్కటే జాగా తేలింది.

ఇప్పుడు ఆ మంచం అక్కడే ఉంది. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. నా ఆరు బండల్లో సగం దాని కింద ఉన్నాయి. మిగిలింది గోడ వైపు తిరిగితే మూడడుగుల లోతు. నిలబడవచ్చు, కూర్చోవచ్చు. సజ్దాకు ఒక అడుగు తక్కువ.

అమ్మీకి అది తెలుసు. రోజూ ఒళ్ళు తుడిచేటప్పుడు, పక్క మార్చేటప్పుడు అదే మాట.

"దుల్హన్, నీ రోజు ఇంకా ఉన్నదా?"

"ఉన్నది."

"ముందలికి సజ్దా చేస్తే నీ తల నా మంచం కిందికి పోతది. పోనియ్. నేను కాళ్ళు ముడుసుకుంట."

"నీ మంచం కింద బేసిన్ ఉన్నది అమ్మీ. దానికి సజ్దా చెయ్యాల్నా?"

ఆమె నవ్వుతుంది. నవ్వితే తుంటి నొస్తుంది. కాసేపటికి మళ్ళీ మొదలుపెడుతుంది. మొన్న రంజాన్‌కు ముందు మాత్రం నవ్వలేదు.

"నీ ఒక్క రోజు నా మెడ మీద ఉన్నది. పైన అల్లా కాడ అడుగుతరు నన్ను."

"నీ మీద ఏం లేదు. ఆపా చెప్పింది, ఎవ్వరి మీద గునా లేదు."

"నన్ను గా పంకా కిందికి జరుపున్రి. ఒక్క రోజుకు నేనేం సావ."

జరపాలంటే నలుగురు పట్టాలి. పట్టినా నొప్పికి ఆమె అరుపు గల్లీ చివరి దాకా వినపడుతుంది. ఆపరేషన్ తర్వాత ఒకసారి పరుపు మార్చడానికి లేపినప్పుడు విన్నాను. మళ్ళీ వినదలచుకోలేదు. అదీ కాక, జరిపితే ఆమె రోజంతా ఎవరిని పిలుస్తుంది? నన్నే. తెరలో కూర్చున్న నన్ను. నాకు ఆమె గొంతు వినపడకుండా ఉండదు, వినపడితే లేవకుండా ఉండలేను.

"వద్దు," అన్నాను.

"అట్లైతే నేను పోయినంక గా జాగా ఎట్లనైన ఖాళీ అయితది. అప్పుడు కూసో. పది రోజులు కూసో, ఎవ్వరు జరపరు."

నా చేతిలో తడి తువ్వాలు ఉంది. బకెట్లోకి విసిరేశాను. నీళ్ళు ఆమె మొహం మీద చిందాయి.

"గిట్ల మాట్లాడ్తే నేను అసలే కూసోను. నా జాగా నాకు అక్కర్లేదు. నువ్వే పండుకో ఆడ, ఇరవై ఏండ్లు పండుకో."

"కోపమెందుకు? లెక్క చెప్పిన."

"లెక్క నాకు చెప్పకు."

మొహం తుడిచి, పక్కకు తిప్పి, వీపుకు పౌడరు రాశాను. ఆమె వీపు వెనక గోడకు ఆ సున్నం ఇంకా ఉంది, అక్కడక్కడ పెచ్చులు లేచింది. అసర్ అయింది. జానిమాజ్ చంకలో పెట్టుకుని గదంతా చూశాను. కుర్చీలు, పిల్లల పుస్తకాల సంచులు, ఆరేసిన బట్టలు. వంటగదిలో బియ్యం డబ్బా జరిపి, దాని పక్కన చదువుకున్నాను.

ఆ మూల, పంకా కింద కూడా కలిపితే ఇది పద్నాలుగో జాగా. ఆ తర్వాత మొన్నటి రంజాన్ కూడా వచ్చి పోయింది. అయిదు రోజులు జమ అయ్యాయని ఆపా అంది, అవి అక్కడే ఉండనీ. నా వైపు బాకీ ఈ రోజుకు కూడా ఒక రోజు.